పెద్ద గాలి ఫోటోలు

మా వైపు గాలి అన్న మాటకు రెండు అర్థాలున్నాయి. వీచేదీ గాలే, మనుషులకు పట్టేదీ గాలే. నేను మొదటిదాన్నే నమ్మేదాన్ని. ఎవరికైనా గాలి సోకిందంటే జ్వరం మాత్ర వేసుకోమని మనసులో అనుకునే రకం. నలుగురిలో నోరు విప్పను గానీ, నా డైరీలో మాత్రం ఇలాంటి నమ్మకాలను చాలాసార్లు ఎగతాళి చేశాను. అందుకే ఇది కూడా చూసింది చూసినట్టు రాస్తున్నాను.

మాది ఆళ్లగడ్డ నుంచి కోయిలకుంట్ల పోయే దారిలో ఒక చిన్న పల్లె. నేను నంద్యాలలో ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతాను. ఇంట్లో అమ్మ, నాయన, నాయన తల్లి అయిన మా జేజి ఉంటారు.

శనగ కోతలయ్యాక చేలు బోసిపోతాయి. ఎండ ముదిరేకొద్దీ నల్లరేగడి మీద సుడిగాలులు లేస్తాయి. దుమ్మునూ ఎండుటాకులనూ తిప్పుకుంటూ అవి వీధిలోకి వస్తే మావాళ్లు వాటి మీద ఉమ్ముతారు. లోపల దయ్యం ఉంటుందనీ, ఉమ్మితే పక్కకు తప్పుకుంటుందనీ నమ్మకం. చర్చి నుంచి వచ్చేవాళ్లూ ఉమ్ముతారు, మసీదు నుంచి వచ్చేవాళ్లూ ఉమ్ముతారు. మా జేజి ఒక్కతే ఉమ్మదు. లేచి నిలబడి అరచెయ్యి చాపుతుంది.

దానికి కారణం ఊరందరికీ తెలుసు. నాయన ఉయ్యాలలో ఉన్న రోజుల్లో పెద్ద గాలి వచ్చింది. ఇప్పుడు టీవీలో టోర్నడో అని చూపిస్తారే, అలాంటిది. పడమటి చేలలోంచి, మబ్బుకూ నేలకూ మధ్య నల్లటి స్తంభంలా కదిలి వచ్చిందట. ఎటైనా పారిపోవలసిన జనం ఇళ్లలోంచి బయటికి వచ్చి, వరసగా నిలబడి దాని మీద ఉమ్మారు. రోజూ చూసే సుడిగాలే, కాస్త పెద్దది అనుకున్నారు.

జేజి కూడా వాకిట్లో నిలబడి ఉమ్మింది. పక్కన ఆమె పెద్దకూతురు రూతు, నవ్వుతూ బుగ్గలు పూరించి ఉమ్మబోతోంది. అంతవరకే జేజికి గుర్తు. కళ్లు తెరిచేసరికి ఇల్లు లేదు. పడిపోయిన గోడ పక్కన, ఉయ్యాల గుడ్డలో చుట్టుకొని నాయన దొరికాడు. రూతు ఎప్పటికీ దొరకలేదు.

ఆ పిల్లకు ఒక్క ఫోటో కూడా లేదు. కూతురు పోయినందుకు ఎంత బాధో, ముఖం మరిచిపోతున్నందుకూ జేజికి అంత బాధ. "గౌను కండ్లకు కడతాది గానీ మొగం రాదు మే. గుండీలు తానే పెట్టుకోవల్లని గౌను ఎనకది ముందరికి ఏసుకునేది. ఎన్ని తిట్టినా ఇంటేనా!" నా చిన్నప్పటి నుంచి ఈ మాట వింటూనే ఉన్నాను.

జేజికి ఒక కన్ను ఎప్పుడో పోయింది. రెండోది కూడా ఎక్కువ కాలం ఉండదని ఈ మధ్యే నంద్యాలలో కంటి డాక్టరు చెప్పాడు. తిరిగి వస్తూ బస్సులో జేజి, "కండ్లు పోతే పోనీ. దాని మొగం ఒక్కసారి కనపడితే సాలు" అంది. నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

పెద్ద గాలి మర్నాడు కోయిలకుంట్ల ఫోటోగ్రాఫర్ ఒకాయన సైకిలు మీద వచ్చి ఫోటోలు తీశాడని ఊళ్లో చెప్పుకుంటారు. ఆయన కొడుకు ఖాదరన్న ఇప్పుడు స్టూడియో నడుపుతున్నాడు. కొత్తవాళ్లతో మాట్లాడాలంటే నాకు భయం. ఒకటి రెండుసార్లు అంగడి దాకా పోయి వెనక్కి వచ్చేశాను. చివరికి ఆయనే పిలిచాడు.

"ఏంది పాపా, పెండ్లి ఫోటోనా? ఇంత సిగ్గుపడితే మొగం యాడ పడతాది?"

వచ్చిన పని చెప్పాను. ఆయన నవ్వు ఆగిపోయింది. అటక మీద నుంచి పాత నెగటివ్‌ల డబ్బా దించాడు.

"మా నాయన మీ ఊరికి పోయింది ఆ ఒక్కనాడే. వచ్చినంక కూడు ముట్టలేదంట."

ఒక్కో నెగటివ్‌నూ కంప్యూటర్‌లోకి ఎక్కించి ఫోటోగా చూపించాడు. చర్చికి గోడలున్నాయి, కప్పు లేదు. ఇనుపరేకు ఒకటి వేపచెట్టుకు తువ్వాలులా చుట్టుకొని ఉంది. ఎద్దులబండి ఒకరి మిద్దె మీద ఉంది. కూలిన ఇంట్లో ఒక్క గోడ నిలబడి ఉంటే, దాని గూట్లో బుడ్డిదీపం చెక్కుచెదరకుండా ఉంది. ఇంకో ఫోటోలో పడుచు వయసులో మా జేజి, చంకలో నాయనతో ఆకాశం కేసి చూస్తోంది. ఉండదని తెలిసీ ప్రతి ఫోటోలోనూ రూతు కోసం మూలమూలలా వెతికాను.

ఖాదరన్న కొత్త మెరుపు కాగితం మీద ప్రింట్లు వేసి ఇచ్చాడు.

ఆదివారం ఆరాధన అయ్యాక, మధ్యాహ్నం వాకిట్లో మంచం మీద వాటిని పరిచాను. జేజి ఒక్కొక్కటీ కంటికి ఆనించుకొని చూసింది. తన ఫోటో దగ్గర ఆగి, "ఈ ఏడుపుమొగం ఎవురిది?" అంది.

"నీదేమ్మా" అని నాయన నవ్వాడు.

అన్నీ చూశాక, "ఇంకేమన్నా ఉండాయా?" అని అడిగింది. ఖాళీ కవరును మళ్లీ ఒకసారి దులిపాను.

అప్పుడే చేల వైపు సుడిగాలి లేచింది. వీధి మలుపు తిరిగి నేరుగా మా వాకిట్లోకి వచ్చింది.

"ఉమ్మెయ్ మే, ఉమ్మెయ్!" నాయన అరిచాడు.

జేజి అప్పటికే లేచి చెయ్యి చాపింది. "ఉమ్మొద్దండి. రానీండి."

ఫోటోలన్నీ మంచం మీద నుంచి లేచి, ఇంటికప్పు ఎత్తున గుండ్రంగా తిరిగాయి. దుమ్ము కొడుతున్నా కళ్లు మూసుకోవాలని అనిపించలేదు. చప్పుడు లేదు. భయం కూడా వేయలేదు. చర్చిలో అందరూ ఒక్కసారిగా పాట ఆపినప్పుడు ఉండే నిశ్శబ్దం అది. అంతలో గాలి విడిపోయింది. ఫోటోలు వాకిలంతా రాలాయి. ఒకటి జేజి అరచేతిలో వాలింది.

అది నేను తెచ్చిన ప్రింటు కాదు. మందపాటి పాత కాగితం, పసుపెక్కిన తెల్లటి అంచు. అందులో ఏడెనిమిదేళ్ల పిల్ల. వెనక్కి ఉండాల్సిన గుండీలు ముందుకు వచ్చిన గౌను. పూరించిన బుగ్గలు, ముందుకు చాచిన పెదాలు, కళ్లనిండా నవ్వు. వెనక చర్చి ఉంది. దానికి కప్పు ఉంది.

జేజి చాలాసేపు చూసింది.

"ముక్కు వాళ్ల నాయనది. అదే మర్సిపోయినా."

ఏడవలేదు. ఆ బుగ్గను వేలితో నిమిరి, "ఇంగ సాల్లేమ్మా, ఉమ్మొద్దు" అంది.

ఖాదరన్నకు ఆ ఫోటో చూపించాను. తిప్పి తిప్పి చూసి, తన తండ్రి తీసింది కాదన్నాడు. గాలికి ముందు మా చర్చిని ఎవరైనా ఫోటో తీసినట్టు ఊళ్లో పెద్దలెవరికీ గుర్తులేదు. ఎవరో దారిన పోయేవాళ్లు తీసి ఉంటారు, ఇన్నాళ్లూ ఏ ఇంటి చూరులోనో ఇరుక్కుని ఆ రోజు ఊడివచ్చి ఉంటుంది అని నాకు నేను చెప్పుకున్నాను. కొన్నాళ్లు నమ్మాను కూడా.

తర్వాత ఒక సాయంత్రం, పాత ఇంటి చోటే ఉన్న మా వాకిట్లో నిలబడి చూశాను. చర్చి మాకు తూర్పున ఉంది. ఫోటోలో అది పిల్ల వెనక ఉందంటే, పిల్ల పడమటికి తిరిగి ఉంది. ఫోటో తీసినవాళ్లు ఆమెకు ఎదురుగా, పడమట నిలబడి ఉండాలి. ఆమె ఉమ్మబోతున్న ఆ క్షణాన అక్కడ గాలి తప్ప ఇంకేమీ లేదు.

జేజికి ఇప్పుడు రెండో కన్నూ కనిపించదు. ఆ ఫోటో ఆమె దిండు కింద ఉంటుంది. సుడిగాలి వస్తే ఇప్పుడు చెయ్యి చాపదు. కూర్చున్న చోటు నుంచే, చుట్టాన్ని పలకరించినట్టు "ఎవురదీ?" అంటుంది. వీధిలో అందరూ ఉమ్ముతారు. నేను మాత్రం నోటిదాకా వచ్చిన ఉమ్మును మింగేస్తాను.