దుప్పికి పెట్టిన ఉప్పు

నాచారంలో నేను పనిచేసే పచ్చళ్ల కంపెనీలో పొద్దున్నే రాళ్లుప్పు బస్తా మూతి విప్పితే ఒక తడి వాసన వస్తుంది. ఆ వాసనకు నా చెయ్యి ఇప్పటికీ కాసేపు ఆగిపోతుంది. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. ఐదో తరగతితో బడి మానేశాను, రాయడం ఇదే మొదలు, తప్పులుంటే ఏమీ అనుకోకండి.

మా నాయిన అడవిలో వాచర్. జంతువుల కోసం కాపాడే అడవి అది, బస్సు దిగాక సగం రోజు నడవాలి. వాగు ఒడ్డున మా గుడిసె. ఎండాకాలం ఇప్పపూలు రాలి నేలంతా తియ్యటి వాసన కొట్టేది, వాటికోసం ఎలుగుబంట్లు వస్తాయని అమ్మ బాగా తెల్లారేదాకా మమ్మల్ని బయటికి పోనిచ్చేది కాదు, వానాకాలం నెమళ్ల అరుపులకే మెలకువ వచ్చేది, బతుకమ్మకు చేసిన నువ్వుల ముద్దలు తింటూ వాగు ఇసుకలో ఏ అడుగు కొండగొర్రెది, ఏది అడవిపందిది అని పందెం వేసుకునేవాళ్లం, నాయిన వచ్చి చూసి అందరివీ తప్పే అని నవ్వేవాడు.

ఎండలు ముదిరితే ఆయన ఉప్పును పుట్టమన్నులో కలిపి ముద్దలు చేసి, జంతువులు నాకడానికి దూరంగా మడుగు దగ్గర పెట్టి వచ్చేవాడు. ఇంటి దగ్గర మాత్రం పెట్టనిచ్చేవాడు కాదు. "మనిషంటె భయం పోతె అది బతకది బిడ్డా" అనేవాడు.

నాకప్పుడు పదేళ్లు. దుప్పిని దగ్గరగా చూడాలని గుడిసె వెనక బండ మీద రోజూ గుప్పెడు ఉప్పు పెట్టాను. ఒక ఆడదుప్పి అలవాటు పడింది. నెల తిరిగేసరికి నా అరచేతిలోనే నాకేది. గరుకు నాలుక, వెచ్చటి ఊపిరి.

ఒక మధ్యాహ్నం ఎవరో ఇద్దరు కొత్తవాళ్లు వచ్చి బండ దగ్గర ఆగారు. ఒకడు ఊరికే చెయ్యి చాచాడు. అది పారిపోలేదు. ఆ చెయ్యి నాకడానికి వెళ్లింది. రెండోవాడి దగ్గర గొడ్డలి ఉంది. నేను తడక సందులోంచి చూస్తూనే ఉన్నాను.

మర్నాడు ఆఫీసరు వచ్చి బండ మీద నెత్తురు పక్కన ఉప్పు చూశాడు. "ఎవరు పెట్టిన్రు ఇది?"

నాయిన నా వైపు చూడలేదు. "నేనే సారూ, బుద్ధి లేక" అన్నాడు.

నౌకరీ పోయింది. మూటలు కట్టుకుని నాచారం వచ్చి కంపెనీల్లో పనికి కుదిరాం.

పోయిన ఆదివారం చిల్కానగర్‌లో మా కిరాయి ఇంటి మెట్ల మీద నాయిన బీడీ కాలుస్తుంటే చెప్పాను. "నాయినా, ఆ ఉప్పు పెట్టింది నేను."

"ఎర్కే. బండ సుట్టు నీ అడుగులే ఉండె. ఆఫీసరు రాకముందే తుడిసేసిన."

"మరి నన్ను ఒక్క మాట గూడ అనలేదేంది?"

"అంటె ఏమొస్తదే." బీడీ నుసి రాల్చి మళ్లీ అన్నాడు. "ఆ సచ్చిన దుప్పి పొదుగు నిండ పాలుండె. పిల్లను ఏడనో పొదల దాసి వస్తుండె. ఎతుకుదామంటె నన్ను మల్ల లోపలికి రానియ్యలే."

ఆ పిల్ల సంగతి నాకు తెలియనే తెలియదు. ఇప్పుడు అడగడానికి అక్కడ ఎవరూ లేరు. గుడిసెలన్నీ ఖాళీ చేయించి మా వాళ్లను రోడ్డు పక్కకు తెచ్చారు, వాగు పేరు చెప్పినా మా పిల్లలకు తెలియదు. నాయిన చేతిలో బీడీ ఆరిపోయింది.

తల్లి వచ్చి పిలిచేదాకా దుప్పిపిల్ల పొదలోంచి కదలదు.