మగ్గం గుంతలో సోషల్ పాఠం

ఇప్పుడు ఫోన్ల పుణ్యమా అని అందరి అరచేతిలోనూ బళ్ళే. అయినా ఒక్క పాఠం ఓపిగ్గా వినే పాపాన పోరు. ధర్మవరంలో పట్టుచీరలు నేసే అంజనమ్మ విన్న తీరు తలుచుకుంటే నాకు ఈ కాలం మీద ఒళ్ళు మండుతుంది.

తొంభై నాలుగులో ఆమె పదో తరగతి సోషల్లో తప్పింది. నాయన మారు మాట లేకుండా మగ్గం గుంతలో కూర్చోబెట్టాడు. పెళ్ళై అత్తగారింటికి వచ్చినా మగ్గం మారింది గానీ పని మారలేదు. ఫెయిలన్న మాట మాత్రం పద్నాలుగేళ్ళు గొంతులో ముల్లులా ఉండిపోయింది. చివరికి ఓపెన్ స్కూల్లో ఫీజు కట్టింది. కానీ చదివేదెప్పుడు? చూపు పోగు మీద నుంచి తప్పితే చీర పాడవుతుంది.

ఆడబిడ్డ మంజుల హిందూపురంలో టీచరు, రోజూ రైల్లో పోయి వచ్చేది. తన పాత ఫోను వదినకిచ్చి, సాయంత్రం రైల్లో పాఠం చదివి కొత్త ఫోనులో రికార్డు చేసేది. పెనుకొండ దాటేసరికి ఒక పాఠం అయ్యేది. ఇంటికి రాగానే మెమరీ కార్డు చేతిలో పెట్టేది.

"నడమ చెనిక్కాయలమ్మేవాళ్ళ కేకలు పడినాయి, ఏమనుకోవద్దు వదినా."

"పడనీలే. రైల్లో పోతాండట్లే ఉండాది నాకు."

ఇక తెల్లవారితే పోగు మోసే నాడె అటూ ఇటూ, కాళ్ళు తొక్కుడుచెక్కల మీద, చెవి పక్కన మంజుల గొంతు. ఎంత బాగుండేవో ఆ రోజులు!

సోషల్ పరీక్ష రోజు ప్రశ్నపత్రం చూడగానే అంజనమ్మకు ఒక్క ముక్క గుర్తుకు రాలేదు. మళ్ళీ తప్పుతానేమోనని చెమటలు పట్టాయి. తెలియకుండానే కాళ్ళు బెంచీ కింద మగ్గం తొక్కడం మొదలుపెట్టాయి. అంతే, రైలు చప్పుడు, చెనిక్కాయల కేక, వాటి వెనకే నదుల పాఠం!

"ఏమమ్మా, ఏంది ఆ సప్పుడు?" అన్నాడు కాపలా ఉన్న సారు.

కాళ్ళు ఆపింది. పాఠమూ ఆగింది. ఒక్క క్షణం ఆలోచించి చెప్పులు విడిచి, వట్టి కాళ్ళతో మెల్లగా తొక్కుతూ మూడు గంటలూ రాసింది.

ఫలితాల రోజు హిందూపురం నుంచి మంజుల ఫోను చేసింది. "వదినా, పాసైనావు! సోషల్లో అరవై ఒకటి!"

అంజనమ్మ మగ్గంలోనే కూర్చుని ఏడ్చింది. కాసేపటికి కళ్ళు తుడుచుకుని అడిగింది. "అయితే ఇంక పాఠాలు రావా?"



ఆ సాయంత్రం మళ్ళీ కార్డు వచ్చింది. మర్నాడు పొద్దున్నే అంజనమ్మ దాన్ని ఫోన్లో వేసుకుని మగ్గంలో దిగింది. రైలు చప్పుడు వినిపించింది. చెనిక్కాయల కేక వినిపించింది. ఆ వెనకే మంజుల గొంతు, "వదినా, ఇంటర్, మొదటి పాఠం."