పళ్లతో పట్టుకునే టార్చి

వానలో దిగాం. దక్షిణ సూడాన్‌లో అది చిన్న ఎయిర్‌స్ట్రిప్. పొలాన్ని చదును చేసి ఎర్రమట్టి పరిచినట్టుంది. దాని చివర కంటైనర్లు, ఇసుక బస్తాల గోడ, ఐక్యరాజ్యసమితి నీలం జెండా. అదే మా క్యాంపు. చుట్టూ నల్లరేగడి. బూటు చీలమండ దాకా దిగిపోతుంది. గట్టిగా లాగితే కాలు వస్తుంది, బూటు అక్కడే ఉండిపోతుంది. హుకుంపేట కొండల్లో పుట్టినవాడిని నేను. కనుచూపు మేరలో ఒక్క గుట్ట కూడా లేని నేల చూసి మొదటిరోజే బెంగపడ్డాను.

స్టోర్‌లో సామాను ఇచ్చారు. నీలం హెల్మెట్, బులెట్‌ప్రూఫ్ జాకెట్, దోమతెర, రెయిన్‌కోటు. పదిమంది ఉండే ఒక్కో సెక్షన్‌కు రెండు పెద్ద టార్చిలు. వాటికి పిస్తోలు పిడి లాంటి పిడి, చార్జింగు వైరు. స్టోర్ హవల్దారు నా కిట్ తెరిచి అడుగు నుంచి నా సొంత టార్చి తీశాడు. సన్నటి స్టీలు టార్చి. రెండు చిన్న సెల్లులు పడతాయి. పక్కన నొక్కే స్విచ్చి. తోక చుట్టూ సైకిల్ ట్యూబు రబ్బరు చుట్టి ఉంది.

"ఇదేంటి, పిల్లల బొమ్మా?" అన్నాడు.

"మా అన్న ఏరి కొన్నాడు, సాబ్."

"ఉంచుకో. బరువేం లేదులే."

మా పటాలంలో మాటలన్నీ హిందీలోనే. మీ కోసం తెలుగులో రాస్తున్నాను.

ఆ టార్చి సంగతి చెప్పాలి. విదేశానికి పోస్టింగు వచ్చిందని సెలవు మీద ఇంటికి వెళ్లినప్పుడు, అన్న నన్ను హుకుంపేట సంతకు తీసుకెళ్లాడు. నేను పెద్దది, మెరిసేది ఒకటి ఎంచాను. అన్న దాని వంక కూడా చూడలేదు. సన్నవి నాలుగు ముందు వేసుకుని ఒక్కొక్కటే నోట్లో పెట్టుకుని కొరికి పట్టాడు. తల అటూ ఇటూ ఊపాడు. ఒక చెయ్యి భుజం దగ్గర కర్ర పట్టుకున్నట్టు, రెండోది ఊతకర్ర పట్టినట్టు పెట్టి కొట్టు ముందు నాలుగడుగులు నడిచాడు. కొట్టువాడికి ఒళ్లు మండింది.

"ఏటయ్యా, సరుకంతా ఎంగిలి సేత్తన్నావు? రేపు ఎవుడు కొంతాడు?"

"నాను కొంతాను. నోట్లో నిలబడాల గదా," అన్నాడు అన్న.

నాకు సిగ్గేసింది. "అన్నా, మిలట్రీలో డోలీలుండవు. టార్చి సేత్తోనే పట్టుకుంతారు," అన్నాను.

"మరి తుపాకీ ఎవుడు మోత్తాడు, మన అయ్యా?"

మా ఊరికి రోడ్డు లేదు. జబ్బు చేసినవాళ్లని డోలీ కట్టి దించాలి. పొడుగాటి కర్రకు దుప్పటి వేలాడదీసి, మనిషిని అందులో పడుకోబెట్టి, ముందూ వెనకా భుజాల మీద మోస్తాం. ఒక చెయ్యి కర్ర జారకుండా పట్టుకోవాలి, రెండో చేతిలో ఊతకర్ర ఉండాలి. వెలుగు నోటితోనే పట్టాలి. అందుకే మా కొండ మీద టార్చి కొనేవాడు ముందు కొరికి చూస్తాడు. చార్జింగుది కొనడు, కరెంటు ఎప్పుడు వస్తుందో ఎవరికీ తెలియదు. కొన్నాక అన్న దాన్ని బోరింగు కింద బకెట్లో ముంచి, బయటకు తీసి, వెలిగించి చూశాడు. ఇంటికొచ్చి పంటికి జారకుండా రబ్బరు చుట్టాడు.

క్యాంపులో మా డ్యూటీ రోడ్డు కాపలా. ఎయిర్‌స్ట్రిప్ నుంచి దూరంగా ఉన్న ఒక పల్లెకు ఇంజనీర్లు రోడ్డు వేస్తున్నారు. బురద మీద గట్టు ఎత్తి, ఎర్రకంకర పోసి, రోలరు తొక్కిస్తారు. తెల్లవారగానే బయలుదేరాలి. చీకటి పడేలోగా క్యాంపులో ఉండాలి. ఇదీ ఆర్డరు. రోజంతా ఆ రోడ్డు పక్కన తుపాకీ పట్టుకుని నిలబడేవాణ్ని. ఇంజనీర్ల మీద ఎవరూ దాడికి రాకుండా చూసేవాణ్ని. వారం వారం అది ముందుకు పోయేది. పల్లెలో ఆడవాళ్లు వచ్చి దాని మీద ఊరికే నడిచి చూసి నవ్వుకుంటూ వెళ్లేవాళ్లు. వాళ్లని చూస్తే సంతోషంగానే ఉండేది. తర్వాత మా ఊరు గుర్తొచ్చేది, కడుపు మండేది.

ఒక సాయంత్రం కంకర లారీ బురదలో ఒరిగి, అక్కడి కూలీ ఒకతని కాలు దాని కింద నలిగింది. వాన ఆగడం లేదు. మా బండి చక్రాలు సగం దాకా కూరుకుపోయాయి. అంబులెన్సు పూర్తయిన రోడ్డు చివరి దాకా రాగలదు. అక్కడి దాకా మేమే మోయాలి. స్ట్రెచర్‌కు నలుగురం. ముందు కుడివైపు నేను, ఒక చేతిలో స్ట్రెచర్ పిడి, రెండో చేతిలో తుపాకీ. పెద్ద టార్చి ఒకటి చార్జింగు లేక ఆరిపోయింది. రెండోది పట్టుకుని ముందు నడిచే జవాను బురదలో బోర్లా పడ్డాడు. టార్చి నీళ్లలో మునిగి మళ్లీ వెలగలేదు.

నా జేబులోది తీసి పళ్ల మధ్య పెట్టుకున్నాను. రబ్బరు రుచి నాలుకకు తగిలింది. నడిచాం.

రోడ్డు చివర నుంచి చూస్తున్న కంపెనీ కమాండర్ రేడియోలో అడిగాడు. "సెక్షన్ టూ, మీ లైటు ఊగుతోంది. ఎవరి చేతిలో ఉంది?"

మా రేడియో ఆపరేటర్ జవాబిచ్చాడు. "చేతిలో లేదు సర్. నోట్లో ఉంది."

"మళ్లీ చెప్పు?"

"నోట్లో సర్. ఓవర్."

రోడ్డెక్కాం. అంబులెన్సు తలుపు తెరిచి ఉంది. ఆ కూలీ బతికాడు. కర్రల మీద నడుస్తూ తర్వాత ఒకసారి క్యాంపు గేటు దాకా వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు.

మర్నాడు బంకర్‌లో టీ తాగుతూ కమాండర్ నా టార్చి అడిగి తీసుకున్నాడు. మంచి మనిషే. రబ్బరు మీది పంటి గాట్లు చూశాడు. ఎందుకిలా అంటే డోలీ గురించి చెప్పాను.

"మీ తాతల కాలంలోనా?"

"కాదు సర్. పోయిన నెల మా వదినని అలాగే దించారు. ఫోన్లో చెప్పారు."

"మరి రోడ్డు?"

"సర్వే అయింది సర్."

పక్కనున్న డ్రైవరు ఫక్కున నవ్వాడు. వాడి ఊళ్లోనూ ఏదో ఒకటి సర్వే అయే ఉంటుంది. కమాండర్ నవ్వలేదు. టార్చి తుడిచి నా చేతిలో పెట్టాడు. నాకు వాళ్ల మీద కోపం లేదు. నేను పుట్టకముందు నుంచి మా కొండ కొలిచి పోతున్నవాళ్ల మీద కోపం. ఎక్కడో ఆఫ్రికాలో రోడ్డు వేస్తుంటే దానికి కాపలాకి మా ఊరి మనిషిని పంపగలిగారు. మా ఊరికి ఒక్క కంకర లారీని పంపలేకపోయారు. ఆ పల్లెకి రోడ్డు పడొద్దని నేననడం లేదు. మేమేం పాపం చేశామో ఎవరైనా చెప్పాలి గదా.

నేను తిరిగి వచ్చేసరికి ఆ రోడ్డు పూర్తయింది. కొన్నాళ్లకు నా సర్వీసు కూడా ముగిసింది. పెట్టె పట్టుకుని హుకుంపేటలో జీపు ఎక్కాను. కొండ మొదట్లో దించేశాడు. అక్కడ కొత్తగా ఒక శిలాఫలకం ఉంది. మా ఊరి పేరు, రోడ్డుకు శంకుస్థాపన, పెద్దవాళ్ల పేర్లు, అన్నీ బంగారు రంగు అక్షరాల్లో. దండ ఎండిపోయింది. ఫలకం వెనక నుంచి ఎప్పటి కాలిబాటే పైకి పోతోంది. ఎదురొచ్చిన అన్న నా పెట్టె అందుకుని, ముందు టార్చి అడిగాడు. నొక్కి చూశాడు. వెలిగింది.

"సూసినావా? ఇది సచ్చేది కాదు," అన్నాడు.

ఆ ఏడు వానల్లో అన్నకు జ్వరం తలకెక్కింది. పొద్దు గూకే వేళకి మాటలు తడబడ్డాయి. ఆశా కార్యకర్త చూసి, బేగి దించీండి, కింద అంబులెన్సుకి చెప్పాను అంది. డోలీ కట్టాం. ముందు కర్ర నేను పట్టాను. కొండంతా మంచు. ఉన్నది ఒకే టార్చి. నా పళ్ల మధ్య ఉంది. వెనకవాళ్ల అడుగులు కూడా ఆ వెలుగు మీదే పడుతున్నాయి.

వాగు దాటుతుండగా అన్న చెయ్యి దుప్పట్లోంచి వచ్చి నా వీపుకి తగిలింది.

"తమ్ముడా, రోడ్డు కాడికి సేరిపోనామా?"

వాగు హోరులో వెనకవాళ్లకి వినపడలేదు. నోరు తెరిస్తే టార్చి పడిపోతుంది. తల అడ్డంగా ఊపితే వెలుగు బాట మీంచి తప్పుతుంది. పళ్లు బిగించి పలకగలిగే మాట ఒక్కటే ఉంది.

"ఊఁ," అన్నాను.

"అయితే దించీండి. నాను నడిసొత్తాను," అన్నాడు. వీపు మీద రెండుసార్లు తట్టాడు. తర్వాత ఆ చెయ్యి ఊరికే వేలాడింది. నేను ఆగలేదు. ఆగితే ఏం తెలుస్తుందో అని భయం.

కిందికి వచ్చాం. అంబులెన్సు నిలబడి ఉంది. డోలీ దించాం. అన్న దిగలేదు. నా దవడలు బిగుసుకుపోయి టార్చి ఊడి రాలేదు. అది ఇంకా వెలుగుతూనే ఉంది. ఆ వెలుగు సూటిగా ఫలకం మీద పడింది. మా ఊరి రోడ్డు బంగారు రంగు అక్షరాల్లో మెరుస్తోంది.