చివరి బెంచీని రద్దు చేసిన హనుమాయమ్మ టీచర్

శనివారం మధ్యాహ్నం నేను పనిచేసే బడిలో పిల్లలకు అన్నం వడ్డిస్తుండగా ఫోను మోగింది. నేను చదువుకున్న హైస్కూలు పాత హెడ్మాస్టరు గారు. "అమ్మా నాగమణీ, మన హనుమాయమ్మ గారు ఇంక లేరమ్మా" అన్నారు. ఇలాంటి వార్త పిడుగులా పడిందని రాయడం ఆనవాయితీ. నా వరకు పడింది పప్పు గరిటె. అది నేల మీద పడి, పప్పు నా చీరంతా చింది, పిల్లలు ఘొల్లున నవ్వారు. ఆ నవ్వు వింటే టీచర్ గారు ఏమనేవారో నాకు తెలుసు. "నవ్వనీవే, నవ్వితే అరుగుద్ది" అనేవారు.

గురజాల ప్రాంతంలో ముప్పై ఏళ్లకు పైగా సైన్సు బోధించిన ఆ విదుషీమణిని ఊరంతా 'బూట్ల టీచర్' అని పిలిచేది. నేత చీర, నుదుట రూపాయి కాసంత బొట్టు, కాళ్లకు తెల్లటి ఆటల బూట్లు. ఆ బూట్ల వెనుక అమెరికా ఉంది.

ఉపాధ్యాయుల మార్పిడి పథకంలో ఆమె ఐదు నెలలు అమెరికా వెళ్లారు. ఒక విశ్వవిద్యాలయం చుట్టూ అల్లుకున్న చిన్న ఊరు, అందులో ఫీజుల్లేని ప్రభుత్వ హైస్కూలు. ప్రొఫెసరు గారి కూతురూ, ఆ విశ్వవిద్యాలయం వంటశాలలో గిన్నెలు కడిగే ఆవిడ కొడుకూ ఒకే బల్ల మీద కూర్చుంటారట. మొదటి రోజున గంట కొట్టగానే మన టీచర్ గారు ఏం చేశారు? పల్నాడులో ఏం చేస్తామో అదే చేశారు. సుద్దముక్క, పుస్తకం చంకలో పెట్టుకుని తరువాతి క్లాసు వెతుక్కుంటూ బయలుదేరారు. అక్కడేమో పంతులమ్మ గది కదలదు, గంట గంటకూ పిల్లలే గదులు మారతారు. "నేను పిల్లల కోసం వరండాలన్నీ తిరగతన్నా, పిల్లలు నా గదిలో కూర్చుని నా కోసం చూస్తన్నారు. ఎదురుపడితే ఒట్టు!" అని చెప్పి ఆమె కళ్లనీళ్లు వచ్చేలా నవ్వేవారు. ఆఖరికి అక్కడి ప్రిన్సిపాలమ్మ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి గదిలో నిలబెట్టిందట. ఆ తిరుగుడుకు చెప్పులు తెగిపోతే కొన్నవే ఆ బూట్లు.

తిరిగొచ్చాక ఊళ్లో అందరూ ఆమెను అక్కడి బడిలోని ఈతకొలను గురించీ, లైబ్రరీ గురించీ అడిగారు. ఆమె మాత్రం హెడ్మాస్టరు గారి ముందు కూర్చుని, ఇకపై మన బడిలోనూ టీచర్లు గదుల్లో ఉంటారు, పిల్లలు నడుస్తారని ప్రకటించారు. ఆయన బిత్తరపోయారు. "అంత దూరం పోయి మీరు తెచ్చింది ఇదా తల్లీ?" అన్నారు. "మిగతావన్నీ కొనాలి సార్. దీనికి నడిస్తే చాలు" అన్నారు టీచర్ గారు.

ఆ నడక నాకేమిచ్చిందో చెప్పాలంటే ముందు నా బెంచీ సంగతి చెప్పాలి. మా బడిలో మార్కుల ర్యాంకును బట్టి కూర్చోబెట్టేవారు. మొదటి ర్యాంకు మొదటి బెంచీ, ఆఖరి ర్యాంకు ఆఖరి బెంచీ. ఆరో తరగతిలో ఆఖరి బెంచీకి చేరిన నేను మూడేళ్లు అక్కడే పాతుకుపోయాను. మా నాన్న మిరప రైతు, మాట కరుకు. "గోడకి ఆనుకుని కునికేదానికి చదువెందుకే? ఈ ఏడు చూస్తా. తొమ్మిది తప్పావంటే చేలోకే" అన్నాడు. నాకు చేను మీద కోపం లేదు. కానీ బడి మానెయ్యాలంటే గుండె జారిపోయేది.

సరిగ్గా ఆ ఏడే నడక మొదలైంది. గంట కొడితే చాలు, నాలుగు వందల మంది సంచులు నెత్తిన పెట్టుకుని ఆవరణలో పరుగు. మొదటి వారం రోడ్డు మీద ఆటోవాళ్లు బడి వదిలారనుకుని గంట గంటకూ వచ్చి హారన్లు కొట్టారు. టీచర్ గారి గది తలుపుకు సుద్దతో ఒక చట్టం రాసి ఉండేది: 'ముందొచ్చినవాళ్లకు ముందు బెంచీ. ఎవరికీ చోటు ఆపరాదు.' చదువులో కాకపోయినా పరుగులో నన్ను మించినవారు ఆ బడిలో లేరు! మూడేళ్ల తరువాత మొదటిసారి మొదటి బెంచీలో కూర్చున్నాను. బోర్డు మీద అక్షరాలు అంత స్పష్టంగా ఉంటాయని ఆ రోజే తెలిసింది. ఆశ్చర్యంగా, పాఠం కూడా అర్థమైంది.

రెండు నెలలు గడిచాయి. ఒక రోజు తనిఖీ అధికారి జీపు గేటులోకి రావడమూ, గంట కొట్టడమూ ఒక్కసారే జరిగాయి. నలువైపులా పిల్లలు పరుగెత్తడం చూసి ఆయన జీపులోంచి దూకి "పామా? పామెక్కడ?" అని కేకలు పెట్టారు. సంగతి తెలిశాక అగ్గి మీద గుగ్గిలమయ్యారు. "ఇది బడా, బస్టాండా? రేపట్నుంచి ఎవరి క్లాసులో వాళ్లు, ఎవరి బెంచీలో వాళ్లు!" అన్నారు. హెడ్మాస్టరు గారు అప్పుడే తలూపేశారు. వరండాలో నిలబడి నేను అంతా వింటున్నాను. ఎవరి బెంచీలో వాళ్లంటే నేను గోడ దగ్గరికి, అక్కడి నుంచి చేలోకి.

టీచర్ గారు చేతులు జోడించారు. "అట్లాగే సార్. ఈ ఒక్క పూట ఈ పిల్లతో పాటు నడవండి. ఆ తరవాత మీ ఇష్టం" అని నన్ను ముందుకు తోశారు. ఆయన ఒప్పుకున్నారు, బహుశా ఆమె బూట్లు చూసి తికమకపడి. గంట కొట్టారు. నేను పరుగెత్తాను. పెద్దాయన అని ఆగొచ్చు కదా? ఆగలేదు. రొప్పుకుంటూ, బొజ్జ పట్టుకుని ఆయన సైన్సు గదికి వచ్చేసరికి అన్ని బెంచీలూ నిండాయి, గోడ పక్కది తప్ప. చోటు ఆపరాదన్న చట్టం ఉండనే ఉంది. ఆ అధికారి మోకాళ్లు ముడుచుకుని అక్కడే ఇరుక్కుని కూర్చున్నారు.

టీచర్ గారు పువ్వు బొమ్మ గీసి భాగాలు చెబుతున్నారు. కాసేపటికి వెనక నుంచి గొంతు వినిపించింది. "అమ్మా, నాకేం కనపట్టం లేదు. కిటికీ వెలుతురు పడి బోర్డంతా తెల్లగా మెరుస్తంది."

టీచర్ గారు సుద్దముక్క కింద పెట్టారు. ఆమె గొంతులో వేళాకోళం లేదు, కోపమూ లేదు. "అవును సార్. మీరు పావుగంట కూర్చున్నారు. ఈ నాగమణిని మేము ఇట్లాంటి చోటే మూడేళ్లు కూర్చోబెట్టాం. మొద్దు అని పేరు కూడా పెట్టాం" అన్నారు.

అధికారి లేచి, కిటికీ వైపు చూసి, బోర్డు వైపు చూసి, జీపెక్కి వెళ్లిపోయారు. రద్దు ఉత్తర్వు ఏనాడూ రాలేదు. తొమ్మిది పాసయ్యాను, పది పాసయ్యాను. మా నాన్న బడికి వచ్చి బుట్టెడు పండుమిరపకాయలు టీచర్ గారి బల్ల మీద పెట్టి, "దీన్ని ఎంతదాకైనా చదివించండి తల్లీ, నేనడ్డం రాను" అన్నాడు. ఆమె ఆ కాయలతో పచ్చడి నూరి బడిలో అందరికీ పంచారు. రెండు రోజులు అందరి నోళ్లూ మండాయి.

నేను టీచర్నయ్యాను. ఇక్కడి దాకా రాసి ఆపేస్తే నాకు గౌరవంగా ఉండేది. కానీ ఆమె శిష్యురాలిగా నిజం దాచలేను. పోయిన ఆదివారం నరసరావుపేట ఆసుపత్రిలో ఆమెను చూడటానికి వెళ్లాను. ముక్కులో గొట్టం ఉన్నా ముఖం కళకళలాడుతోంది. "ఏమే, నీ క్లాసులో పిల్లల్ని ఎట్లా కూర్చోబెడతన్నావే?" అని అడిగారు. నా తల వాలిపోయింది. సిలబస్సు ఒత్తిడి, నలభై మంది పిల్లలు, పై నుంచి రోజూ నివేదికలు. నేను కూడా ర్యాంకుల వారీగానే కూర్చోబెడుతున్నాను. చెప్పాను.

తిడతారనుకున్నాను. నవ్వారు. "పోన్లే. మీ చివరి బెంచీలో ఉండే పిల్ల పేరేంది?"

నాకు వెంటనే గుర్తుకు వచ్చింది ముప్పై ఎనిమిది అనే రోల్ నంబరు. పేరు రాలేదు. ఆమె నా చేతి మీద తట్టి, "తెలుసుకుని వచ్చే ఆదివారం చెప్పు. నేనెక్కడికీ పోను" అన్నారు. ఆమె జీవితంలో ఆడిన ఒకే ఒక్క అబద్ధం అదే.

టీచర్ గారూ, మీ ఋణం తీర్చుకునే శక్తి నాకు లేదు, మీ స్థానం భర్తీ చేసే మనిషీ ఈ సీమలో కనిపించడం లేదు. అడిగినదానికి జవాబు మాత్రం చెబుతున్నాను. సోమవారమే తెలుసుకున్నాను, ఆదివారం వచ్చి చెబుదామనుకున్నాను, మీరు ఆగలేదు. ఆ పిల్ల పేరు దీనమ్మ. మంగళవారం నుంచి ముందు బెంచీలో కూర్చుంటోంది. ఇన్నాళ్లూ మూగదేమో అనుకున్నాం టీచర్, ఇప్పుడు నోరు మూయించలేక చస్తున్నాం.