కాటా వదిన

మా వదినంటే నాకు పడదు. ఆ ముక్క మొదట్లోనే చెప్పేస్తే మీకూ నాకూ హాయి. నేనంటే ఆవిడకీ పడదు, ఆ సంగతి దాచుకునే ఓపిక కూడా ఆవిడకి లేదు. నేను షెడ్డు గుమ్మంలో అడుగు పెట్టానంటే చాలు, చేతిలో ఉన్న పానా బల్ల మీద ఠంగుమని పెడుతుంది. నాకు దొరికే మర్యాద అదొక్కటే.

రేసు ట్రాకు వెనక వీధిలో, టైర్ల కొట్టుకీ వెల్డింగు షాపుకీ మధ్య ఉంటుంది ఆ రేకుల షెడ్డు. రేసు కార్లకి ఒక్క క్షణంలో ఊపు తెచ్చే నైట్రస్ గ్యాసుని బాటిళ్ళలో నింపేది అక్కడే. ఆ బాటిళ్ళు ఒత్తిడికి ఆగుతాయో లేదో పరీక్ష చేసేదీ అక్కడే. గోడ వారన నిలువెత్తు సిలిండర్లు, వాటిలోంచి చిన్న బాటిళ్ళలోకి గ్యాసు ఎక్కించే పంపు, నింపేముందు బాటిల్‌ని చల్లబరిచే పాత ఫ్రీజరు, అన్నిటికీ నడిమధ్య కాటా. అందుకే డ్రైవర్లూ మెకానిక్కులూ అందరూ ఆవిడని 'కాటా వదిన' అంటారు. వరసకి నాకొక్కడికే వదిన, పిలుపుకి మాత్రం ట్రాకంతటికీ వదినే. నోరారా అలా పిలవనిది నేనొక్కణ్ణే.

ఆవిడ తీరు చెబుతాను వినండి. ఎవరు బాటిల్ తెచ్చినా మొదటి ప్రశ్న, "ఖాళీయేనా?" వాళ్ళు "ఖాళీయే వదినా" అంటారు. సరేనన్నట్టు తలూపి, బాటిల్‌ని పెరట్లోకి మోసుకెళ్ళి, గాలివాటు చూసుకుని వాల్వు తిప్పేస్తుంది. సగం మంది బాటిళ్ళు బుస్సుమంటాయి.

"నమ్మనప్పుడు అడగడం దేనికి వదినా?" అని ఒక మెకానిక్ అడిగాడు.

"ఎవడు అబద్ధాలకోరో తెలియొద్దూ?" అంది.

తరవాత పట్టీలూ తొడుగులూ ఊడదీసి ఒట్టి బాటిల్‌ని తూస్తుంది. బాటిల్ మెడ మీద ఖాళీ బరువు చెక్కి ఉంటుంది. దానికీ కాటా చూపించేదానికీ సరిపోవాలి. దానికి పట్టే గ్యాసు బరువు కలుపుకుని ఆ మొత్తం దగ్గర ఆపేస్తుంది, గ్రాము ఎక్కువ ఎక్కించదు. "మీటరు చూడండి, ఇంకా పడుతుంది" అన్నవాడికి చీవాట్లే. అడుగున కాస్త ద్రవం మిగిలి ఉన్నా మీటరు ముల్లు నిండు బాటిల్‌కి చూపించినట్టే చూపిస్తుందట, బరువొక్కటే నిజం చెబుతుందట. కాటాకి సున్నా మీట ఉంటుంది కదా, పైన ఎంత బరువున్నా నొక్కగానే సున్నా చూపించేది, దాని మీద రేకు పెట్టి స్క్రూలు బిగించేసింది. నూనె చేతులతో వచ్చినవాణ్ణి గుమ్మం దాటనివ్వదు. ఒత్తిడి మీదున్న ఈ గ్యాసుకి నూనె తగిలితే మంట పుడుతుందని ఆవిడ భయం. ఒత్తిడి పెంచుకోవడానికి బాటిల్‌ని మంట మీద కాచిన ఒక డ్రైవర్ని అయితే నాలుగు వీధులకి వినపడేలా తిట్టి, గ్యాసు వదిలేసి, ఇంకెవరూ వాడకుండా ఆ బాటిల్‌కి డ్రిల్లుతో అక్కడికక్కడే చిల్లు పొడిచింది.

నిజానికి ఆ షెడ్డు మా అన్నది. వదిన అప్పట్లో ఒక స్కూలు ల్యాబులో గాజు గొట్టాలు కడిగి, కొలతలు చూసి పెట్టే ఉద్యోగం చేసేది. పెరట్లో ఖాళీ చెయ్యడం, మెడ మీది బరువు చూడటం, ఇవన్నీ అన్న పెట్టిన పద్ధతులే. అందరికీ అలాగే చేసేవాడు, నాకు తప్ప. నేను తెచ్చిన బాటిల్‌ని అలాగే కాటా మీద పెట్టి, సున్నా నొక్కి, గ్యాసు ఎక్కించేవాడు. ఎవరైనా అదేమిటంటే "మావాడి మాట చాలు" అనేవాడు.

నాలుగేళ్ళ కిందట, మిట్టమధ్యాహ్నం, రెండు పరుగుల మధ్య ఆదరాబాదరాగా బాటిల్ పట్టుకుని అన్న దగ్గరికి పరిగెత్తాను. అందులో ఒక్క రౌండుకే గ్యాసు వాడాను, ఇంకా కిలోకి పైగా మిగిలే ఉంది. అది ఖాళీ చేస్తూ కూర్చుంటే నా వంతు పోతుంది. అన్న అడక్కపోయినా నేనే "ఖాళీయే, కానీ కానీ" అన్నాను. పట్టీలు కూడా తియ్యలేదు. ఆయన సున్నా నొక్కి, పూర్తి బాటిల్‌కి పట్టే నాలుగున్నర కిలోలూ ఎక్కించాడు.

నా కారు డిక్కీలో, ఎండలో, అది వేడెక్కింది. వాల్వు పక్కన నాణెమంత పల్చటి బిళ్ళ ఉంటుంది. ఒత్తిడి మితిమీరితే బాటిల్ పేలకుండా ముందు అది చిరిగి గ్యాసుని బయటికి వదిలేస్తుంది. అది చిరిగేటప్పటికి, సాయానికని నా వెంట ట్రాకుకి వచ్చిన మా అన్న డిక్కీలో తలపెట్టి గొట్టం బిగిస్తున్నాడు. గడ్డకట్టించే చలితో గ్యాసు ఆయన మొహాన కొట్టింది. కుడికన్ను పోయింది.

ఆస్పత్రి మంచం మీద ఆయన నోట వచ్చిన మొదటి మాట, "తూకం తప్పాన్రా." నేను కాదనలేదు. నేను చేసిందల్లా అదే, కాదనకపోవడం.

ఆ రోజు నుంచి ఆయన కాటా ముట్టుకోలేదు. పెరట్లో కూర్చుని బాటిళ్ళకి రంగు వేస్తాడు, గొట్టాలు కడుగుతాడు. వదిన ఉద్యోగం మానేసి పని నేర్చుకుంది. నన్ను పల్లెత్తు మాట అనలేదు. పానా ఠంగుమనిపించడం మాత్రం అప్పుడే మొదలుపెట్టింది. ఆవిడకి అనుమానం ఉందని నాకు తెలుసు. అందుకే ఆవిణ్ణి చూస్తే నాకు ఒళ్ళు మండేది.

బిళ్ళ మార్పించుకుని, అదే బాటిల్‌ని ఇంకో చోట నింపించుకుంటూ నెట్టుకొచ్చాను. ఈ ఏడు పెద్ద రేసుకి పేరివ్వబోతే, బాటిల్ టెస్టు చేయించి అయిదేళ్ళు దాటింది, కుదరదన్నారు. నీళ్ళ టెస్టు మిషను చుట్టుపక్కల వదిన దగ్గర తప్ప ఎక్కడా లేదు. చచ్చినట్టు వెళ్ళాను. పానా ఠంగుమంది.

బాటిల్ మెడ మీద అన్న కొట్టిన పాత తేదీ వేలితో తడిమి చూసింది. "ఇదా! నాలుగేళ్ళ నుంచి దీనికోసమే చూస్తున్నాను."

"బాటిల్ కోసమా, నాకోసమా?"

"నీకోసం ఎదురుచూసే ఖర్మ నాకింకా పట్టలేదులే."

వాల్వు ఊడదీసి, బాటిల్ నిండా నీళ్ళు పోసి, నీళ్ళున్న ఇనుప తొట్టెలోకి దింపి మూత బిగించింది. పంపుతో బాటిల్ లోపల ఒత్తిడి పెంచుతుంటే అది ఉబ్బుతుంది, ఉబ్బినంత మేర తొట్టెలో నీరు పక్కనున్న గాజు గొట్టంలోకి ఎక్కుతుంది. ఒత్తిడి తీసేస్తే ఆ నీరు మళ్ళీ కిందికి దిగాలి. దిగకపోతే ఇనుము సాగిపోయిందని అర్థం, ఆ బాటిల్‌కి చిల్లే గతి. స్కూలు ల్యాబులో చూసినట్టే వంగి, గొట్టానికి కన్ను సమంగా పెట్టి చూసింది. నీరు ఎక్కింది, దిగింది, మొదటి గీత దగ్గరికి వచ్చి ఆగింది.

బాటిల్ ఆరబెట్టి, వాల్వు బిగించి, మెడ మీద కొత్త తేదీ సుత్తితో గుద్దింది.

"పాసైంది. పాసైనదాన్ని ఆపనులే, కంగారుపడకు. నీ రేసు నువ్వు చేసుకో." అని పెరటి వైపు తిరిగి, "ఏవండీ, ఓసారి ఇలా రండి" అని పిలిచింది.

అన్న చేతుల నిండా నీలం రంగుతో వచ్చాడు.

"మీ కన్ను తీసిన బాటిల్ ఇదే. రవ్వంత కూడా సాగలేదు. బిళ్ళ చిరగాల్సిన ఒత్తిడికే చిరిగిందని ట్రాకు వాళ్ళు అప్పుడే చూసి చెప్పారు. కాటాని నెలనెలా రాళ్ళు పెట్టి చూస్తున్నాను, నాలుగేళ్ళలో పది గ్రాములు తేడా రాలేదు. బాటిల్ మంచిది, బిళ్ళ మంచిది, కాటా మంచిది. ఇంక మిగిలిందెవరు?"

"నేనేగా" అన్నాడు అన్న. "తప్పు నాదేనని అప్పుడే చెప్పాను. వాణ్ణెందుకే పీక్కుతింటావు?"

వదిన అరిచి ఉంటే నేనూ అరిచేవాణ్ణి. అరవడం నాకు బాగానే వచ్చు. కానీ ఆయన ఆ ఒంటికన్నుతో నన్ను వెనకేసుకొచ్చాడు.

"తప్పింది నువ్వు కాదన్నా. ఆ రోజు అది ఖాళీ కాదు. ఒక్క రౌండే వాడాను. తెలిసే అబద్ధం చెప్పాను."

అన్న గుడ్డ తీసుకుని వేళ్ళకున్న రంగు ఒక్కో వేలే తుడుచుకున్నాడు. నీలం పోలేదు. గుడ్డ బల్ల మీద పెట్టి పెరట్లోకి వెళ్ళిపోయాడు.

"ఇంక వెళ్ళు" అంది వదిన. ఆవిడ మొహంలో గెలిచిన సంతోషం లేదు, జాలి అంతకన్నా లేదు. తిట్టినా బాగుండేది. ఆ మొహం చూస్తే నాకు మళ్ళీ ఒళ్ళు మండింది.

రేసు రోజు పొద్దున నింపించుకోవడానికి వెళ్ళాను. గుమ్మంలో కాలు పెట్టినా పానా చప్పుడు వినపడలేదు. వదిన ఫ్రీజరు దగ్గరుంది. కాటా దగ్గర అన్న నిలబడి ఉన్నాడు, ఎవరిదో బాటిల్ తూస్తున్నాడు. నాలుగేళ్ళ తరవాత ఆయన చెయ్యి దాని మీద చూసేసరికి నాకు ప్రాణం లేచొచ్చింది.

"అన్నా" అన్నాను.

నా చేతిలోంచి బాటిల్ అందుకున్నాడు. ఎప్పటిలా కాటా మీద పెట్టలేదు.

"ఖాళీయేనా?"

పుట్టి బుద్ధెరిగాక ఆయన నన్ను ఆ ప్రశ్న అడగడం అదే మొదటిసారి.

"ఖాళీయే అన్నా. ఒట్టు. ట్రాకు దగ్గర నేనే మొత్తం వదిలేసి తెచ్చాను."

సరేనన్నట్టు తలూపాడు, అచ్చం వదిన లాగే. బాటిల్‌ని పెరట్లోకి మోసుకెళ్ళి, గాలివాటు చూసుకుని వాల్వు తిప్పాడు. బుస్సుమనలేదు. లోపల ఏమీ లేదు. నా వెనక వరసలో ఉన్న డ్రైవర్లకి కూడా ఆ సంగతి తెలిసిపోయింది. అన్న మాత్రం వాల్వు దగ్గర చెవి పెట్టి ఇంకా వింటూనే ఉన్నాడు.