స్వరూప గొంతు

దీపం పెట్టే వేళకు ఈదమ్మ ఇంట్లో ఫోను మోగేది. మోగగానే మనవరాలు నవ్య ఆడుతున్న ఆట ఎక్కడిదక్కడ వదిలేసి ఉరికొచ్చేది. ఈదమ్మ స్పీకరు పెట్టి, ఫోను పిల్ల చేతికిచ్చి, తాను గడప దగ్గర కూర్చుని వినేది. ఇప్పుడు ఆ వేళకు ఫోను మోగడం లేదు. ఈదమ్మ దీపం మాత్రం పెడుతోంది. పెట్టి, ఏం చేయాలో తోచక కాసేపు అక్కడే నిలబడుతోంది.

ఆ ఫోను చేసేది తన తల్లి స్వరూప అని పిల్ల అనుకునేది. స్వరూప ఈదమ్మకు పెద్దబిడ్డ. వానాకాలం మొదట్లో జ్వరమొచ్చి దవాఖానలో చేరింది, మళ్లీ ఇంటికి రాలేదు. ఆత్మకూరులో అల్లుడివాళ్ల చెలకలో మట్టి చేశారు. ఆ రోజుల్లో నవ్యను కోదాడలో చిన్నబిడ్డ రజిత ఇంట్లో ఉంచారు. పిల్ల జడుసుకుంటుందని పెద్దవాళ్లంతా ఒక్కమాట మీద నిలబడి, అమ్మ హైదరాబాద్ పోయింది, అక్కడ పని దొరికింది అని చెప్పారు. దినాలు అయిపోయాక అల్లుడు రవి మిర్యాలగూడ రైసుమిల్లులో తన పనికి తాను వెళ్లిపోయాడు. పిల్ల సూర్యాపేటలో అమ్మమ్మ దగ్గరికి వచ్చింది.

వచ్చిన రోజు అన్నం ముట్టలేదు. అమ్మ కావాలని ఒకటే ఏడుపు. ఈదమ్మకు పాలుపోక రజితకు ఫోను చేసింది. అక్కాచెల్లెళ్లది ఒకటే గొంతు. పెళ్లి కాకముందు తలుపవతల నుంచి పిలిస్తే పిలిచింది ఎవరో కన్నతల్లికే తెలిసేది కాదు. ఆ గొంతుతోనే రజిత, "నవ్యా, తిన్నవా బిడ్డా?" అంది. పిల్ల ఏడుపు ఆపింది. అన్నం తిన్నది.

ఆ ఒక్కరోజుకే అనుకున్నారు. రోజూ అయింది.

"అమ్మా, వీడియో కాల్ చెయ్యవే."

"ఈ ఫోన్ల రాదు బిడ్డా."

"ఎప్పుడొస్తవ్ మరి?"

"పని కాంగనే వస్త."

ఈదమ్మ ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. కళ్లు మూసుకుని వింటే అది స్వరూపే. పగలంతా ఆ నాలుగు మాటల కోసమే ఆమె కూడా కాచుకునేది. పిల్ల ముందు ఏడవడానికి లేదు, ఫోటోకు దండ వేయడానికి లేదు. ఏడుపొస్తే బాత్రూంలోకి పోయి నల్లా విప్పేది. గోడవతల నుంచి పక్కింటి లచ్చమ్మ అరిచేది: "ఏందే ఈదమ్మా, రోజుకు ఎన్నిమాట్ల తానం జేస్తవ్? పెండ్లికి తయారైతున్నవా ఏంది?"

ఒకరోజు బడి నుంచి కబురొచ్చింది. కృపారాణి టీచర్ రమ్మందట. ఆ టీచరు పొద్దున పాఠం మొదలుపెట్టే ముందు పిల్లలను చుట్టూ కూర్చోబెట్టి, ఎవరి మనసులో ఏముందో చెప్పమంటుంది. లచ్చమ్మకు అది పెద్ద నవ్వులాట. "పోరగాండ్లను కష్టసుఖం అడుగుతదంట గా మేడం. ఎక్కాలు ఎవలు సెప్పాలె, మా ముసలోడా?"

కృపారాణి ఈదమ్మను వరండాలో కుర్చీ వేసి కూర్చోబెట్టింది.

"అమ్మా, నవ్య నిన్న ఒకమాట చెప్పింది. మా అమ్మకు నాకు కటీఫ్ అన్నది. రోజు ఫోన్ల వస్త వస్త అంటదంట, రాదంట. నేనంటే ఇష్టం లేకనే పోయింది, ఇగ వచ్చినా మాట్లాడ అన్నది. బడి వదిలినంక తల్లులొచ్చి పిల్లల్ని తీసుకపోతుంటే, పోయి ఆ పిల్లల్ని నూకేస్తున్నది. మీ ఇంట్ల ఏం జరిగిందో నాకు తెలుసు. ఫోన్ల మాట్లాడేది ఎవరమ్మా?"

ఈదమ్మ ఉన్నదంతా చెప్పింది. "పసిది మేడం. సచ్చిపోయిందంటే తట్టుకుంటదా?"

"ఏడుస్తది. మనం పట్టుకుంటం. కానీ ఇప్పుడు, అమ్మ నన్ను ఇడిసిపెట్టి పోయిందనుకుంటున్నది గదా. అది ఎన్నేండ్లు మోస్తది?"

ఈదమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. జ్వరం ముదిరే దాకా పిల్లకు ముద్దలు కలిపి పెట్టింది స్వరూప. అటువంటి మనిషిని చచ్చాక బిడ్డకు కానిదాన్ని చేసింది తామే.

బడి గేటు దగ్గర నిలబడి రజితకు ఫోను కలిపింది. "ఇయ్యాల సెయ్యకు. ఇగ సెయ్యకు."

రజిత వెంటనే ఒప్పుకోలేదు. "అమ్మా, నాకూ అలవాటైపోయిందే. అక్కలెక్క మాట్లాడుతుంటే అక్క ఉన్నట్టే ఉంటది."

"నాకు లేదా బిడ్డా?" అంది ఈదమ్మ.

ఆ సాయంత్రం పిల్లకు పెందలాడే తినిపించి, తానూ నాలుగు మెతుకులు తిని, తోమాల్సిన బోళ్లన్నీ వాకిట్లో వేసింది. దీపాల వేళ దాటింది. నవ్య ఫోను వైపు చూసింది.

"నేనైతే మాట్లాడ. గని ఇంక చెయ్యలేదేంది?"

"సెయ్యది బిడ్డా. మీ అమ్మ సచ్చిపోయింది. జ్వరమొచ్చినప్పుడే. హైదరాబాద్ పోలే."

"మరి ఫోన్ల?"

"మీ చిన్నమ్మ."

పిల్ల గోడవైపు తిరిగి నిలబడింది. "నాన గూడ దొంగమాటనే చెప్పిండా?"

"అందరం సెప్పినం."

"అయితే నన్ను ఇడిసిపెట్టి పోలేదా?"

"లేదు బిడ్డా. దవాఖానల పండి గూడ, నవ్య తిన్నదా, నవ్య తిన్నదా అనే అడుగుతుండె."

అప్పుడు ఏడ్చింది పిల్ల. ఈదమ్మ కూడా పిల్లను పట్టుకుని గొంతెత్తి ఏడ్చింది. లచ్చమ్మ ఉరికొచ్చి తలుపు దగ్గర ఆగింది. తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయింది.

వెక్కిళ్లు తగ్గాక నవ్య అడిగింది: "అమ్మమ్మా, కటీఫ్ అన్న గదా. ఇప్పుడెట్ల తియ్యాలె?"

ఈదమ్మకు చావుకు చేసేవన్నీ తెలుసు. దీనికేం చేస్తారో ఎవరూ చెప్పలేదు. "ఐతారం మీ నానతోని ఆత్మకూరు పోదాం. అమ్మ ఆడుంది. నువ్వే సెప్పు."

"ఇనబడతదా?"

"తెల్వదు బిడ్డా."

అమ్మ చిన్నప్పుడు ఎట్లుండేదో చెప్పమంది. చెబుతుండగానే పిల్ల ఈదమ్మ తొడమీద నిద్రపోయింది. ఈదమ్మ ఆ నిశ్శబ్దంలో స్వరూప గొంతు గుర్తుచేసుకోబోయింది. అచ్చంగా స్వరూపవే, ఏవైనా నాలుగు మాటలు. ఎంత వెతికినా ఫోనులో మాటలే వచ్చాయి.

"ఈదమ్మా, బోళ్లు బయటనే ఉన్నయ్. కుక్కలు నాకుతున్నయ్ సూడు," అంది లచ్చమ్మ గోడవతల నుంచి, మెల్లగా.

పిల్లను చాప మీదికి జరిపి లేవొచ్చు. తోమడానికి ఎంతోసేపు పట్టదు.

"నాకనియ్యక్కా," అంది ఈదమ్మ, తొడ కదపకుండా.