గ్లెనిస్ రాసిన మూడు వాక్యాలు

కూర్చోండి. ఆ ఫోన్లు అవతల పడేయండి. ఈ గదిలో ఏడుగురున్నారు, అందులో నలుగురు కొండ మీది యూనివర్సిటీలో చదివినవాళ్లే. మన ముత్తాత ఏ ఓడలో వచ్చాడు, ఎన్ని గొర్రెలు కాజేస్తే ఆయన్ని శిక్షగా ఈ ఆస్ట్రేలియాకి తోలేశారు అని నన్ను వంద ప్రశ్నలు వేస్తారు. గొర్రెల దొంగ గురించి అంత ఆరా! గ్లెనిస్ హార్ట్‌విగ్ గురించి ఒక్కరైనా ఒక్కసారైనా అడిగారా? దాని చేతి కేకులు తిని పెరిగారు. సిగ్గులేని సంత. ఈ రోజు అడక్కపోయినా చెబుతాను. రాసుకునేవాళ్లు రాసుకోండి. నా చదువు ఆరో తరగతితో సరి, కాబట్టి తప్పులు మీవే.

గ్లెనిస్ ఇరవై ఏడో ఏట కొండ మీద పనిలో చేరింది. నేను అప్పటికే అక్కడి క్యాంటీన్‌లో మాంసం కూరిన పై రొట్టెలు కాల్చేదాన్ని. దాని పని విత్తనాల గదిలో. ఒక షెడ్డు వెనకాల మందపాటి గోడల చల్లగది, అరల నిండా చిన్న చిన్న వెండికాగితం పొట్లాలు, నాలుగువేల దాకా. అన్నీ గడ్డి విత్తనాలే. మనవాళ్లు గొర్రెల్ని తోలుకుని రాకముందు ఈ నేలమీద మొలిచిన గడ్డి. తర్వాత గొర్రెలు మేసేశాయి. గొర్రె నోరు పడని చోట్లలోనే మిగిలింది: రైలుపట్టాల పక్కన, పాత సమాధుల మధ్య. అందుకని ఏటా డిసెంబరు వేసవి ఎండలో గ్లెనిస్ ఊరూరి శ్మశానాల్లో మోకాళ్ల మీద పాకుతూ గింజలు ఏరేది. దారినపోయేవాళ్లు జాలిపడి, "ఎవరమ్మా పోయింది?" అని అడిగేవాళ్లు. "గడ్డి" అనేది. అంతకుమించి మాటలు దానికి రావు.

విత్తనం పొట్లంలో పెడితే అలా ఉండిపోదు. ముసలిదవుతుంది. ఒక్కో రకంలో వంద గింజలు తీసి తడికాగితం మీద పరిచి, ఎన్ని మొలిచాయో చూసేది. మొలకలు తగ్గితే ఆ రకాన్ని మళ్లీ విత్తి, పెంచి, కొత్త గింజలు దూసి పొట్లం కట్టేది. పెద్ద కరువు తర్వాత, ఎండని తట్టుకునే ఈ గడ్డి గింజల కోసం రైతులు టోపీలు చేతబట్టుకుని వచ్చింది దాని దగ్గరికే.

ఆ గదిని చల్లబరిచే యంత్రం ముసలి గాడిద. ఎండ ముదిరితే మొరాయించేది. దాన్ని కనిపెట్టుకుని ఉండమని ఎవరూ ఎవరికీ చెప్పలేదు. గ్లెనిస్ రోజూ చూసేది. ఆదివారం చర్చి అయ్యాక, క్రిస్మస్ రోజు భోజనాలయ్యాక నడుముకి ఏప్రన్ అలాగే ఉండగా కొండెక్కేది. యంత్రం ఆగిపోయి ఉంటే పక్కన ఒక చోట కాలితో తన్నేది. ఇక బండి కదిలేది. ఎక్కడ తన్నాలో ఈ భూమ్మీద దానికొక్కదానికే తెలుసు.

ఇలా ముప్పై రెండేళ్లు.

తర్వాత రాజధాని కాన్‌బెర్రాలో ఎవరో యూనివర్సిటీల డబ్బు మీద పిడికిలి బిగించారు. నగరాల్లోని పెద్ద యూనివర్సిటీలకి తగిలింది దోమకాటు, మనలాంటి ఊళ్లవాటికి పడింది గొడ్డలివేటు. యూనివర్సిటీ పెద్దలు బయటినుంచి ఒక మనిషిని తెచ్చారు, డంకన్ పిల్ అని. ఇస్త్రీ చొక్కా, కొత్త బూట్లు. అందర్నీ హాల్లో కూర్చోబెట్టి, నోట్లో బెల్లం పెట్టుకున్నట్టు మాట్లాడాడు.

"ఇది కోత కాదు. పునర్నిర్మాణం. మీలో ఎవర్నీ తీసెయ్యడం లేదు. పోస్టులన్నీ ఖాళీ అయినట్టు ప్రకటిస్తున్నాం, అంతే. మీ పోస్టుకి మీరే దరఖాస్తు పెట్టుకోవచ్చు."

వెనక వరసలోంచి పైపులు బాగుచేసే రసెల్ లేచాడు. "బాబూ, మరి నీ ఉద్యోగానికి నువ్వు కూడా పెట్టావా దరఖాస్తు?"

హాలంతా గొల్లుమంది. డంకన్ "మంచి ప్రశ్న" అన్నాడు. తర్వాతి కాగితం తిప్పాడు. విత్తనాల గదిలో ఇద్దరుండేవాళ్లు, ఇకనుంచి ఒక్కరే అన్నాడు.

రెండో మనిషి క్రెయిగ్ లాటిమర్. సిడ్నీనుంచి వచ్చి రెండేళ్లయింది. ఒక్క శ్మశానంలోనూ వాడి మోకాలు నేలకి ఆనలేదు.

దరఖాస్తులో 'మీరు సాధించినవి రాయండి' అని ఉంది. గ్లెనిస్ రెండు కాగితాలు నింపుకుని నా వంటింటికొచ్చింది. చదివి వినిపిస్తుంటే చెవులు ఎర్రబడ్డాయి.

"నాలుగువేల పొట్లాలు ముప్పై రెండేళ్లుగా ప్రాణంతో నిలబెట్టాను."

"అబ్బో! మహారాణీ, కిరీటం ఎక్కడ పెట్టొచ్చావే?" అన్నాను.

"ఎక్కువైందా?"

"ఎక్కువా? నీ సొంత డబ్బా మోత పోస్టాఫీసు దాకా వినపడుతోంది."

అది కొట్టేసింది. ఇంకో వాక్యం చదివింది. "సెలవుల్లో కూడా వెళ్లి యంత్రం చూసుకుంటాను."

"దారిలో ఆగి తొంగి చూడ్డం కూడా పనేనా? అది కూడా రాస్తారటే?"

"రాయర్లే" అని అదీ కొట్టేసింది.

నన్నలా గుడ్లురిమి చూడకండి. ఈ ఊళ్లో పుట్టినవాళ్లందరికీ చిన్నప్పుడే నెత్తిన మొట్టి నేర్పే పాఠం ఇది. వ్యవసాయ ప్రదర్శనలో నీ కేకుకి మొదటి బహుమతి వస్తే, "అడుగు కాస్త మాడింది, ఆ జడ్జీకి చూపు తక్కువ" అనాలి. అనకపోతే నీకు తల తిరిగిందంటారు. మేం చేసింది అదే. రెండు కాగితాలు గీకి గీకి మూడు వాక్యాలకి దించాం. 'విత్తనాల గదిలో సాయం చేస్తుంటాను. గడ్డి గురించి కాస్త తెలుసు. ఏ పని చెప్పినా చేస్తాను.' ఎంత పద్ధతిగా ఉందో అని మురిసి టీ కూడా తాగాం.

క్రెయిగ్ పదకొండు పేజీలు రాశాడు, ఫొటోలతో సహా. నోరు గలవాడిదే రాజ్యం.

డంకన్ గ్లెనిస్‌ని గదిలోకి పిలిచి ఆ మూడు వాక్యాలూ దాని మొహం ముందే చదివాడట. "మీది సాయం చేసే పని అని మీరే రాశారు. ఇంకేమైనా చెప్పుకుంటారా?" అని అడిగాడట.

"నువ్వేమన్నావే?" అన్నాను.

"పెద్దగా ఏం లేదండీ అన్నాను."

"నోట్లో నాలుక లేదుటే నీకు!"

"నువ్వేగా..." అంది. ఆపేసింది. ఆ మాట తర్వాతైనా పూర్తి చేస్తుందని చాలాకాలం ఎదురుచూశాను. చెయ్యలేదు.

శుక్రవారం కల్లా తలుపు తెరిచే కార్డు ఇచ్చేసి పొమ్మన్నారు. పోతూ పోతూ యంత్రం మీద సుద్దముక్కతో గుర్తు గీసి క్రెయిగ్‌కి చూపించింది.

"రోజూ చూడు నాయనా, ఆదివారం కూడా. ఆగితే ఇక్కడ తన్ను."

"తన్నడమేంటి గ్లెనిస్!" అని వాడు పళ్లికిలించాడు. "అలారం ఉందిగా. చల్లదనం తగ్గితే రిపేర్లవాళ్ల ఆఫీసులో మోగుతుంది."

రెండు నెలలు తిరక్కుండానే రెండో కోత వచ్చింది. రిపేర్లవాళ్ల ఆఫీసు మూసేశారు. రసెల్ ఉద్యోగం పోయింది. నా క్యాంటీన్ తీసేసి, డబ్బులేస్తే చిప్స్ పొట్లం పడే యంత్రం పెట్టారు. అలారం మాత్రం ఆ ఖాళీ గదిలోనే వదిలేశారు.

జనవరిలో పదకొండు రోజులు వరసగా నలభై నాలుగు డిగ్రీలు. యూనివర్సిటీకి సెలవులు. క్రెయిగ్ సముద్రం ఒడ్డున ఉన్నాడు. నాలుగో రోజు మధ్యాహ్నం గ్లెనిస్ నన్ను కారులో ఎక్కించుకుని కొండెక్కింది. చల్లగది వెనక గోడకి చెవి ఆనించి ఉలిక్కిపడి వెనక్కొచ్చింది.

"చప్పుడు లేదే. గోడ కాలిపోతోంది."

ఆఫీసుకి ఫోన్ చేస్తే పద్దెనిమిదో తేదీన తెరుస్తామని రికార్డు పలికింది. ఇంతలో కాంట్రాక్టు కంపెనీ కాపలావాడు బండి దిగాడు.

"అమ్మా, మీరిక్కడ ఉండకూడదు."

"లోపల విత్తనాలు చచ్చిపోతున్నాయి బాబూ. తలుపు తియ్యి."

"మీ దగ్గర కార్డుందా?"

"లాక్కున్నారు."

"అయితే ఉండకూడదు."

"సరే, నేను రాను. నువ్వెళ్లి యంత్రాన్ని తన్ను. సుద్దగుర్తు ఉంటుంది, అక్కడ."

"ఆ గది తాళం మాకివ్వలేదమ్మా" అని, మా పేర్లు రాసుకున్నాడు.

"తలుపు పగలగొట్టరా, నా పేరు మీద రాసుకో!" అని నేనరిచాను. వాడు ఎవరికో ఫోన్ చేశాడు. ఆ ఎవరో వద్దన్నారు. వారం తిరిగేసరికి గ్లెనిస్‌కి ఉత్తరం వచ్చింది. అనుమతి లేకుండా మళ్లీ అడుగుపెడితే పోలీసులకి చెబుతారట. ముప్పై రెండేళ్లు ఆ గడ్డి కాసిన మనిషికి!

ఫిబ్రవరిలో క్రెయిగ్ తడికాగితాలు పరిచాడు. వందకి మూడు మొలిస్తే గొప్ప. చాలావాటిలో ఒక్కటి కూడా లేవలేదు. అప్పుడు డంకన్ పిల్‌గారు గ్లెనిస్‌కి ఫోన్ చేశారు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగాడట ఇంకొకడు. నేను పక్కనే ఉన్నాను, మాటలన్నీ వినపడ్డాయి.

"ఏ గడ్డి ఏ శ్మశానంలో దొరుకుతుందో ఎక్కడా రాసిలేదండీ. మీరొక్క సీజను వచ్చి చూపించాలి. జీతం ఇవ్వలేం కానీ, గౌరవ కార్యకర్త అని గోడమీద మీ పేరు రాయిస్తాం."

"రాను" అంది గ్లెనిస్. ఫోన్ పెట్టేసింది.

అన్నమాట మీద నిలబడింది. డిసెంబరు వచ్చింది. పట్టాల పక్కన గడ్డి పండింది, రాలింది. అది వెళ్లలేదు. "పోనీ మనకోసం ఏరుకొద్దాం పదవే" అని నేను రెండుసార్లు పిలిచాను. "దేనికి?" అంది. కిటికీకి వీపు పెట్టి కూర్చుని, జన్మలో గిట్టని క్రికెట్ చూసేది. మోకాళ్లు బాగానే ఉన్నాయి, మనిషే లేవలేదు. డంకన్‌కి ఇంకో రాష్ట్రంలో ఇంతకంటే పెద్ద యూనివర్సిటీలో ఇంతకంటే పెద్ద కుర్చీ దొరికింది. విత్తనాల గదిలో ఇప్పుడు విరిగిన కుర్చీలు పెట్టుకున్నారు. మీరు పట్టాలు పుచ్చుకున్న రోజు ఆ గోడకి ఆనుకునే ఫొటోలు దిగారు.

మూడో ఏడు మార్చిలో రొట్టెల కొట్లో వరసలో నిలబడి ఉండగా గుండె ఆగింది. గ్లెనిస్ చనిపోయేనాటికి వయసు అరవై రెండు.